పతకం బొరుసు మీద సముద్ర దేవుడికి ఏం పని?

1804 సెప్టెంబరులో ఒక పొద్దున విశాఖపట్నం ఒడ్డుకి ఎదురుగా ఫిరంగులు మోగాయి. ఫ్రెంచి రియర్ అడ్మిరల్ లినోయి మూడు యుద్ధనౌకలతో వచ్చాడు, అందులో పెద్దది 74 ఫిరంగుల మారెంగో, మిగతా రెండూ అటలాంట్, సెమిలాంట్ అనే ఫ్రిగేట్లు. ఇటువైపు లంగరేసుకుని ఉన్న యుద్ధనౌక ఒక్కటే, 50 ఫిరంగుల బ్రిటిష్ ఓడ సెంచూరియన్, దాని కాపలాలో ఈస్టిండియా కంపెనీ సరుకు ఓడలు రెండు, ప్రిన్సెస్ షార్లెట్, బార్నబీ. కెప్టెన్ జేమ్స్ లిండ్ ఆ టైముకి ఒడ్డు మీద ఉన్నాడు, ఫైట్ మొదలైనప్పుడు ఓడ లెఫ్టినెంట్ ఫిలిప్స్ చేతిలో ఉంది, కెప్టెన్ మధ్యలో వచ్చి ఎక్కాడు. చివరికి సెంచూరియన్ బాగా దెబ్బతిన్నా లొంగలేదు, లినోయి వెనక్కి తిరిగి వెళ్ళిపోయాడు. బ్రిటిష్ వాళ్ళు దీన్ని గెలుపు కింద రాసుకున్నారు.

43 ఏళ్ళ తర్వాత, 1847లో, బ్రిటన్ ఒక మెడల్ ప్రకటించింది. నేవల్ జనరల్ సర్వీస్ మెడల్ అంటారు, 1793 నుంచి 1840 దాకా జరిగిన సముద్ర యుద్ధాలన్నిటికీ కలిపి ఒకటే మెడల్, ఏ యుద్ధంలో ఉన్నారో దాని పేరు రిబ్బన్ మీద చిన్న వెండి పట్టీలా వస్తుంది, దాన్ని క్లాస్ప్ అంటారు. అప్పటికి బతికి ఉండి అప్లై చేసుకున్నవాళ్ళకే ఇచ్చారు. వెండిది, 36 మిల్లీమీటర్ల వెడల్పు, తెల్ల రిబ్బనుకి రెండు అంచుల్లో ముదురు నీలం గీత. సెంచూరియన్ క్లాస్ప్ కూడా ఉంది, అంటే విశాఖ ఒడ్డున జరిగిన ఆ ఫైట్‌కి అన్నమాట. ముందువైపు విక్టోరియా రాణి తల, సరే. వెనక్కి తిప్పితే యుద్ధం లేదు, ఓడ లేదు, ఫిరంగి లేదు. ఒక ఆడమనిషి చేతిలో త్రిశూలం పట్టుకుని, ముందు సగం గుర్రం వెనక సగం చేప అయిన ఒక జంతువు మీద ఒకవైపుకి కాళ్ళు వేసి కూర్చుని ఉంటుంది. చెక్కింది విలియం వయన్, ఆ రోజుల్లో లండన్ మింట్‌లో, అంటే నాణేలు కొట్టే టంకశాలలో, పెద్ద పనివాడు.

ఆవిడ బ్రిటానియా. ఆ జంతువు హిప్పోక్యాంప్. తెలుగులో నీటిగుర్రం అంటే హిప్పోపొటమస్ అనుకుంటారు కాబట్టి సముద్రపు గుర్రం అనడమే మంచిది. గ్రీకులో హిప్పోస్ అంటే గుర్రం, కంపోస్ అంటే సముద్రపు రాక్షసి. మన మెదడులో జ్ఞాపకాల పని చూసే భాగానికి హిప్పోక్యాంపస్ అని పేరు వచ్చింది కూడా ఈ జంతువు నుంచే, జ్ఞాపకం కోసం కొట్టిన పతకం మీద అదే జంతువు ఉండటం కేవలం కాకతాళీయం.

ప్రశ్న ఏంటంటే, పాత మెడల్స్ మీద ఈ సముద్ర దేవుళ్ళు, త్రిశూలాలు, చేపతోక గుర్రాలు ఎందుకు అంత ఎక్కువగా కనిపిస్తాయి? అలంకారం అనేసి వదిలేస్తారు చాలామంది. ఒక్కో మెడల్‌ని దాని తారీకుతో, ఆ ఏడు నిజంగా ఏం జరిగిందన్నదాంతో పక్కపక్కన పెట్టి చూస్తే వేరే సంగతి బయటపడుతుంది. దేవుడు రథమెక్కి వచ్చిన చోట చాలాసార్లు సముద్రం ఇంకా చేతికి రాలేదు, లేకపోతే అప్పుడే చేజారింది. అది పట్టా లాంటిది, భూమి మీద కంచె వేసుకోవచ్చు, నీటి మీద వేయలేరు కాబట్టి దేవుడి సంతకం పెట్టించుకున్నారు. అన్ని మెడల్స్‌కీ ఇది అతకదు, అతకనివి కూడా కింద వస్తాయి.

ముందు బొమ్మా బొరుసూ లెక్క. బొమ్మ వైపు రాజో రాణో అడ్మిరలో, బొరుసు వైపు చెప్పదలుచుకున్న మాట. నాణెం అందరి చేతుల్లోంచి పోవాలి, బరువు సరిగ్గా ఉండాలి, సంతలో చెల్లాలి, అందుకని దాని మీద చిత్రం కాస్త ఒళ్ళు దగ్గర పెట్టుకుని ఉంటుంది. మెడల్‌కి ఆ బాధ లేదు. అది శుభలేఖ లాంటిది, ఎవరెవరికి పంచాలో ముందే అనుకుని కొట్టిస్తారు, అందుకని ఎంత గొప్పైనా చెప్పుకోవచ్చు, అడిగేవాడు ఉండడు.

ఆ చిత్రాల్లో అన్నిటికన్నా ఎక్కువ కనిపించేది త్రిశూలం. మనకి త్రిశూలం అనగానే శివుడు గుర్తొస్తాడు, కానీ గ్రీకుల పొసైడన్, రోమన్ల నెప్ట్యూన్ పట్టుకున్నది ఆ జాతి కాదు, అది చేపలు పొడిచే ఈటె. మంచి మెడల్ మీద భూతద్దం పెట్టి చూస్తే మూడు మొనలకీ గాలం ముల్లులా వెనక్కి తిరిగిన కొక్కేలు కనిపిస్తాయి, గుచ్చుకున్న చేప జారిపోకుండా. బెస్తవాడి పనిముట్టు దేవుడి ఆయుధం అయింది, దేవుడి ఆయుధం తర్వాత దేశాల చేతికి వచ్చింది. తర్వాత ట్రైటన్, నడుము కింద చేప, నోటి దగ్గర శంఖం, ఆ శంఖం మనకి కొత్త కాదు కదా. డాల్ఫిన్, ఓడ ముక్కు, ఇవి మిగతావి. చేపతోక గుర్రం మనవాళ్ళకి వింతగా అనిపించకూడదు నిజానికి, గుడి తోరణాల మీద మకరం కూడా ఇలాగే రెండు మూడు జంతువుల్ని అతికించి చేసినదే, వరుణుడి వాహనం అదే.

దేవుణ్ణి ఇలా వాడుకోవడం రోమ్‌లోనే ముదిరింది. సీజర్ చనిపోయాక, సీజర్ శత్రువు పాంపే కొడుకు సెక్స్టస్ పాంపే సిసిలీ పట్టుకుని రోమ్‌కి వచ్చే ధాన్యం ఓడల్ని ఆపేశాడు, తను నెప్ట్యూన్ కొడుకునని చెప్పుకున్నాడు, ముదురు నీలం రంగు వస్త్రం కప్పుకుని తిరిగాడు, నాణేల మీద నెప్ట్యూన్‌నీ, మెస్సీనా లైట్‌హౌస్‌నీ, ఓడల్ని మింగే సిల్లా అనే రాక్షసినీ వేయించాడు. అవతల సీజర్ వారసుడు ఆక్టేవియన్ ఓడలు తుఫానులో పోయాయి. అతనికి ఒళ్ళు మండి, నెప్ట్యూన్ ఇష్టం ఉన్నా లేకపోయినా గెలిచి చూపిస్తా అన్నాడనీ, ఆటల ఊరేగింపులో నెప్ట్యూన్ విగ్రహాన్నే తీయించేశాడనీ రోమన్ చరిత్రకారుడు సూటోనియస్ రాశాడు. క్రీస్తుపూర్వం 36లో ఆక్టేవియన్ సేనాని అగ్రిప్పా నౌలోకస్ దగ్గర సెక్స్టస్‌ని ఓడించేశాడు. తర్వాత అగ్రిప్పా పేరు మీద వచ్చిన రాగి నాణెం చూడాలి, ముందువైపు ఓడ ముక్కులతో చేసిన కిరీటం పెట్టుకున్న అగ్రిప్పా, వెనకవైపు డాల్ఫిన్, త్రిశూలం పట్టుకుని నిలబడ్డ నెప్ట్యూన్. ఎన్నికల ముందు ఒక జెండా, ఎన్నికల తర్వాత ఇంకో జెండా అన్నట్టు, దేవుడు నిమ్మళంగా పార్టీ మారిపోయాడు.

ఇవి నాణేలు. జ్ఞాపకం కోసమే చేసే మెడల్ అన్నది ఇటలీలో 15వ శతాబ్దంలో మొదలైంది, మైనంతో అచ్చు చేసి కంచు పోసేవాళ్ళు. సముద్రం విషయంలో అందులో మనసుకి పట్టుకునేది ఆండ్రియా డోరియా మెడల్. జెనోవా నగరపు అడ్మిరల్, 1528లో ఫ్రెంచివాళ్ళ పెత్తనం నుంచి ఊరిని తప్పించినవాడు, చిత్రకారుడు బ్రాంజినో ఆయన్ని ఏకంగా నెప్ట్యూన్ వేషంలో ఒంటి మీద సరిగ్గా బట్ట లేకుండా గీశాడు. మెడల్ చేసింది లియోనె లియోని. ఈ లియోని మంచి పనివాడే కానీ పరమ కోపిష్టి, 1540లో పోప్ దగ్గర పనిచేసే ఒక నగల వ్యాపారి మీద దాడి చేశాడు, ముందు కుడి చెయ్యి నరకమని శిక్ష పడింది, తర్వాత దాన్ని గేలీలు అనే తెడ్ల ఓడల్లో తెడ్డు వేసే శిక్షకి మార్చారు. శిల్పికి చెయ్యి మిగిలింది కానీ ఆ చెయ్యికి గొలుసు పడింది. ఏడాది తిరక్కుండానే డోరియా కల్పించుకుని విడిపించాడు. ఆ కృతజ్ఞతతో చేసిన మెడల్‌లో ముందువైపు గడ్డం ముసలి అడ్మిరల్, భుజం వెనక త్రిశూలం. వెనకవైపు ఎవరో దేవుడు ఉండాలి, కానీ ఉన్నది లియోని తన ముఖమే, చుట్టూ అంచు పొడుగునా సంకెళ్ళు. ఈ మెడల్స్ అన్నిట్లోకీ సముద్రం అంటే ఏంటో నిజంగా చెప్పినది ఇదొక్కటే అనిపిస్తుంది. ఒక పక్క త్రిశూలం, ఇంకో పక్క ఆ త్రిశూలం కోసం తెడ్డు వేసేవాడి గొలుసు.

వెనిస్‌ది ఇంకో దారి. ఆ ఊరి అధిపతిని డోజ్ అంటారు, ఏటా అసెన్షన్ అనే క్రైస్తవ పండగ రోజు బుచింతోరో అనే బంగారు రంగు పడవెక్కి వెళ్ళి సముద్రంలో ఉంగరం వేసేవాడు, సముద్రంతో పెళ్ళి అన్నమాట. దీనితో పాటు పెద్ద ఇళ్ళవాళ్ళకి ఏడాదికోసారి అడవి బాతులు పంచే ఆనవాయితీ ఉండేది, బాతులు సరిపడా దొరక్క 1521 నుంచి వాటి బదులు వెండి మెడల్ ఇవ్వడం మొదలుపెట్టారు, దాని పేరు ఓసెల్లా, అంటే పిట్టే. పెళ్ళి తంతు కూడా వెనిస్ బలం తగ్గుతున్నకొద్దీ ఇంకా అట్టహాసంగా జరిగింది. 1797లో నెపోలియన్ వచ్చాక ఆ పడవకి ఉన్న బంగారం కోసం దాన్ని కాల్చేశారు.

అందరూ నెప్ట్యూన్‌నే పిలవలేదు. 1588లో ఇంగ్లండు మీదికి వచ్చిన స్పెయిన్ నౌకాదళం ఆర్మడా చెదిరిపోయినప్పుడు డచ్చివాళ్ళు కొట్టిన మెడల్ ఒకటుంది, ముందువైపు సముద్రం మధ్య బండ మీద చర్చి, అలలు కొడుతున్నా కదలదు. వెనకవైపు ఓడలు చెల్లాచెదురవుతుంటే పైన మబ్బులో హీబ్రూ అక్షరాల్లో యెహోవా పేరు. చుట్టూ లాటిన్‌లో, ఆయన ఊదాడు, వాళ్ళు చెదిరిపోయారు అని. చాలామంది దీన్ని ఎలిజబెత్ రాణి కొట్టించిందని చెప్తుంటారు, కాదు, ఇది జీలాండ్ డచ్చివాళ్ళది. ఆ ప్రొటెస్టెంట్లకి నెప్ట్యూన్ పనికిరాలేదు, పైగా ఇందులో తెలివి ఏంటంటే మేం గెలిచాం అని లేదు, గాలి గెలిపించింది అని ఉంది. మన భారత నౌకాదళం చిహ్నం మీద ఉన్న శం నో వరుణః కూడా ఈ కోవదే. తైత్తిరీయోపనిషత్తు మాట, రాజాజీ సూచించారు, వరుణుడు మాకు మేలు చేయుగాక అని దాని అర్థం. అక్కడ వరుణుడి బొమ్మ లేదు, మకరం లేదు, పాశం లేదు, అశోక సింహాలూ లంగరూ ఆ మూడు మాటలూ. దండం పెట్టడానికీ పట్టా రాయించుకోవడానికీ తేడా ఇక్కడే కనిపిస్తుంది.

ఇక ఇంగ్లండు సంగతి. బ్రిటానియా పుట్టుకే తమాషా, రోమన్లు జయించిన రాష్ట్రానికి గుర్తుగా వేసిన బొమ్మ ఆవిడ, ఆంటొనైనస్ పియస్ చక్రవర్తి నాణెం మీద దిగులుగా కూర్చుని ఉంటుంది, ఓడిపోయిన ఆడమనిషిలా. 1500 ఏళ్ళు కనపడకుండా పోయి 17వ శతాబ్దంలో రెండో చార్లెస్ రాజు కాలంలో మళ్ళీ వచ్చింది, ఈసారి సముద్రానికి యజమానురాలిగా. 1665లో వేసిన నమూనా నాణేల మీద నాలుగు సముద్రాలూ నావే అని లాటిన్‌లో రాసుకున్నారు. జాన్ రోటియర్స్ చేసిన 1667 మెడల్ మీద బ్రిటానియా ఒడ్డున బండ కింద కూర్చుని సముద్రం మీద ఓడల్ని చూస్తుంటుంది, దైవం తోడుగా అని రాత. ఆ ముఖం ఫ్రాన్సిస్ స్టూవర్ట్ అనే ఆవిడది, రాజు ఆవిడ వెంట పడ్డాడు, ఆవిడ పడలేదు. నేవీ ఆఫీసులో పనిచేసే శామ్యూల్ పెపీస్ ఆ ఏడు ఫిబ్రవరిలో కంసాలి దగ్గర ఈ మెడల్ చూసి, ఇంత చిన్నదాంట్లో ఆ ముఖాన్ని ఎంత బాగా దింపాడో అని డైరీలో మురిసిపోయాడు. నాలుగు నెలలు తిరక్కుండా, జూన్‌లో, డచ్చి ఓడలు మెడ్‌వే నదిలోకి ఎదురెక్కి వచ్చి ఇంగ్లిషు నేవీని దాని సొంత రేవులోనే తగలబెట్టి, రాజు పేరున్న రాయల్ చార్లెస్ అనే ఓడని తాడు కట్టి లాక్కుపోయాయి. ఆ ఓడ వెనక చెక్కడం ఇప్పటికీ ఆమ్‌స్టర్‌డామ్ మ్యూజియంలో గోడకి ఉంది. బ్రిటానియా సముద్రం వైపు చూస్తూనే ఉంది మరి, వచ్చేవాళ్ళని మాత్రం ఆపలేకపోయింది.

సరిగ్గా అదే 1667 తారీకుతో ఫ్రాన్స్‌లో పద్నాలుగో లూయీ మెడల్ ఒకటుంది. లూయీకి మెడల్స్ పిచ్చి, వాటి మీద ఏం రాయాలో తేల్చడానికి మంత్రి కోల్బర్ 1663లో ఒక చిన్న పండిత సభనే పెట్టించాడు. అట్లాంటిక్ వైపు పోయే గరోన్ నదిని మధ్యధరా సముద్రంతో కలిపే కాలవ పథకం మీద వేసిన మెడల్‌లో నెప్ట్యూన్ త్రిశూలంతో నేలని పొడుస్తుంటాడు, నీళ్ళు తన్నుకొస్తుంటాయి, సముద్రాలు కలిశాయి అని రాత. బొమ్మ అద్భుతంగా ఉంటుంది, ఒప్పుకోవాలి. కానీ 1667లో కాలవ తవ్వకం అప్పుడప్పుడే మొదలైంది. 240 కిలోమీటర్ల పొడవు, పారలతో తట్టలతో వేలమంది తవ్వారు, అందులో ఆడవాళ్ళూ ఉన్నారు, 1681లో కానీ నీళ్ళు వదల్లేదు, సొంత డబ్బు పోసి దాన్ని నడిపించిన రికే కొన్ని నెలల ముందే 1680లో చనిపోయాడు. దేవుడు ఒక్క పోటుతో చేసిన పని మనుషులకి 14 ఏళ్ళు పట్టింది.

లూయీకి ఇదే భాషలో జవాబు కూడా వచ్చింది. 1690లో బీచీ హెడ్ దగ్గర ఫ్రెంచి ఓడలు ఇంగ్లిషు, డచ్చి ఓడల్ని ఓడించాయి. 1692లో లా ఓగ్ యుద్ధంలో లెక్క తిరగబడింది, షేర్‌బూర్గ్ దగ్గర ఫ్రెంచి ఫ్లాగ్‌షిప్ సొలేయ్ రొయాల్‌ని, అంటే రాజసూర్యుడు అనే పేరున్న ఓడని, తగలబెట్టారు. ఆ గెలుపు మీద వచ్చిన ఒక మెడల్ మీద నెప్ట్యూన్ లూయీని తరుముతుంటాడు, రాత రోమన్ కవి వర్జిల్ మహాకావ్యం మొదటి భాగంలోది. కథ ఏంటంటే, గాలుల అధిపతి నెప్ట్యూన్‌ని అడక్కుండా తుఫాను లేపుతాడు, నెప్ట్యూన్ నీళ్ళలోంచి తల పైకెత్తి గాలుల్ని కసురుతాడు, పరుగెత్తండి, మీ రాజుకి చెప్పండి, సముద్రం మీద పెత్తనం వాటాకి వచ్చింది అతనికి కాదు, నాకు అని. మెడల్ చేసినవాడు ఒక్క అక్షరం మార్చలేదు, మీ రాజు అన్న మాట ఎవరికి తగలాలో వాళ్ళకి తగిలింది. ఆ రోజుల్లో చదువుకున్న ప్రతివాడికీ ఆ పద్యం నోటికి వచ్చు, మనవాళ్ళకి భాగవతం పద్యం ఒక పాదం అంటే మిగతా మూడు పాదాలు వచ్చేసినట్టు. ఇక్కడ గెలుపు నిజమే, దేవుడూ ఉన్నాడు, కాబట్టి పైన చెప్పిన లెక్కకి ఇది అతకదు. ఇక్కడ దేవుడు పట్టా కోసం రాలేదు, ఎత్తిపొడవడానికి వచ్చాడు.

రష్యాలో రెండు మెడల్స్ పక్కపక్కన పెడితే విషయం ఇంకా తేటపడుతుంది. 1716లో పీటర్ చక్రవర్తి రష్యా, డెన్మార్క్, ఇంగ్లండు, హాలెండు నౌకాదళాలు నాలుగింటినీ కలిపి బాల్టిక్ సముద్రంలో బోర్న్‌హోమ్ ద్వీపం దాకా తీసుకెళ్ళాడు, స్వీడన్ మీదికి. దాని మెడల్ మీద నెప్ట్యూన్ సముద్రపు గుర్రాలు లాగే రథం మీద, చుట్టూ నాలుగు దేశాల జెండాలు, నలుగురినీ ఏలుతున్నాడు అని రాత. ఇంతా చేసి యుద్ధమే జరగలేదు, స్వీడన్ ఓడలు రేవు వదిలి బయటికి రాలేదు, స్వీడన్ నేల మీద దిగాలన్న ప్లాన్ కూడా ఆ శరదృతువులో ఎత్తేశారు. కిందటి తరంలో సముద్రం ఒడ్డే సరిగ్గా లేని దేశం అది, నాలుగు నౌకాదళాలకి పెద్దగా నిలబడటమే గొప్ప, ఆ గొప్పకి దేవుడు కావాల్సి వచ్చాడు. ఇక 1770లో చెస్మె దగ్గర రష్యన్లు టర్కీ నౌకాదళాన్ని దాదాపు మొత్తం తగలబెట్టేశారు. నావికులకి ఇచ్చిన మెడల్ మీద కాలుతున్న టర్కీ ఓడలు, వాటి పైన ఒకే ఒక్క మాట, బిల్, అంటే ఉండేది. అంతే. ఆ నౌకాదళం ఉండేది, ఇప్పుడు లేదు. దేవుడు లేడు, గుర్రం లేదు, వర్జిల్ లేడు. చేతిలో పని పూర్తయినవాడికి మాటలు తక్కువే పడతాయి.

దీనికి పూర్తిగా ఎదురుది బ్రిటిష్ అడ్మిరల్ వెర్నన్ మెడల్స్. 1739లో స్పెయిన్ చేతిలోని పోర్టో బెల్లో రేవు పట్టుకున్నాక జనం కోసం చవకరకం ఇత్తడి మెడల్స్ కుప్పలుగా వచ్చాయి, 1741లో కార్టహేనా కోట పడకముందే పడిపోయిందని కూడా కొట్టేశారు, స్పెయిన్ అడ్మిరల్ బ్లాస్ దె లెజో వెర్నన్ ముందు మోకాళ్ళ మీద ఉన్నట్టు. కోట పడలేదు, వెర్నన్ ఓడిపోయి వచ్చాడు. పైగా లెజోకి ఒక కాలు ఎప్పుడో యుద్ధంలో పోయింది, మెడల్ మీద రెండు కాళ్ళూ ఉన్నాయి. సంతలో అమ్మే సరుకు కాబట్టి ఇక్కడ దేవుళ్ళూ లాటినూ లేవు, వట్టి అబద్ధం మాత్రమే ఉంది. దేవుడితో చెప్పిన అబద్ధాన్ని అబద్ధం అని ఎవరూ పట్టుకోలేరు, కాలు లెక్క తప్పితే పట్టుబడిపోతారు.

బ్రిటానియా చేతికి త్రిశూలం ఎప్పుడొచ్చిందో కూడా చూడాలి. అంతకుముందు నాణేల మీద ఆవిడ పట్టుకున్నది మామూలు ఈటె. 1797లో బర్మింగ్‌హామ్ దగ్గర మాథ్యూ బోల్టన్ సోహో మింట్‌లో ఆవిరి యంత్రాలతో కొట్టిన పెద్ద రాగి పెన్నీ మీద మొదటిసారి త్రిశూలం వచ్చింది, చుట్టూ అలలు, దూరంగా ఓడ. డిజైన్ జర్మనీ నుంచి వచ్చిన కుష్లర్‌ది. పెన్నీ ఒక ఔన్సు బరువు, బండి చక్రం అని జనం పేరు పెట్టారు. 1797 అంటే బ్రిటన్‌కి గడ్డుకాలం, ఆ వసంతంలోనే స్పిట్‌హెడ్ దగ్గర, నోర్ దగ్గర సొంత నావికులే జీతాలు చాలక తిరగబడ్డారు, బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ కాగితానికి బంగారం ఇవ్వడం ఆపేసింది. ఆ ఏడే ఆవిడకి దేవుడి ఆయుధం అందింది.

అదే సోహో మింట్, అదే 1797 తారీకుతో, ఉత్తర సర్కారుల కోసం, అంటే ఇప్పటి కోస్తాంధ్ర కోసం, ఈస్టిండియా కంపెనీకి రాగి నాణేలు కొట్టి పంపింది, రూపాయికి 48 అని వాటి మీదే రాసి ఉంటుంది. 1794 తారీకువీ ఉన్నాయి. వాటి మీద త్రిశూలం లేదు, కంపెనీ సరుకు మూటల మీద వేసే బేల్ గుర్తు, సింహాలు మోస్తున్న కంపెనీ డాలు, ఇంగ్లండు రాజు, పార్లమెంటు చలవతో అని లాటిన్ రాత. 1600లో కంపెనీ పుట్టినప్పటి డాలుకి అటూ ఇటూ ఉన్నవి మామూలు సింహాలు కావు, నడుము కింద చేపతోక ఉన్న సముద్ర సింహాలు. అప్పటికి కంపెనీకి ఓడలు తప్ప గజం నేల లేదు. 1709లో ఈ పాత కంపెనీ, దానికి పోటీగా పుట్టిన కొత్త కంపెనీ కలిశాక కొత్త కంపెనీ డాలునే వాడారు, దాంట్లో సింహాలు నేల మీదివి. కావాలని మార్చారని కాదు, కానీ జరగబోయేదానికి సరిగ్గా సరిపోయింది.

కంపెనీ తన సిపాయిలకి ఇచ్చిన మెడల్స్ చూస్తే ఈ సముద్ర దేవుళ్ళు ఎవరి కోసమో అర్థమవుతుంది. 1801 ఈజిప్టు దండయాత్రకి ఇచ్చినదాని మీద జెండా పట్టుకున్న సిపాయి, వెనక గుడారాలు, కింద పార్సీ రాత, రెండో వైపు ఓడ, పిరమిడ్లు. 1799లో శ్రీరంగపట్నం పడినందుకు కుష్లరే చేసిన మెడల్ మీద సింహం పులిని అణగదొక్కుతుంటుంది, టిప్పు పులి ఎవరికైనా తెలుస్తుంది. మారిషస్ మెడల్‌లోనూ సిపాయే. సముద్రం దాటడమే పెద్ద పట్టింపుగా ఉన్న ఆ మనుషుల్ని ఓడెక్కించి తీసుకెళ్ళారు, అయినా ఒక్కదాని మీదా నెప్ట్యూన్ లేడు. చదవలేనివాడికి పట్టా చూపించి లాభం లేదు కదా.

ఇదే తీరంలో, ఇంగ్లిషువాళ్ళకి 1600 ఏళ్ళ ముందు, శాతవాహనుల ఓడ నాణేలు ఉన్నాయి. సీసంవి, అరిగిపోయి, పళ్ళతో నమిలినట్టుగా ఉంటాయి అంచులు. యజ్ఞశ్రీ శాతకర్ణివిగా చెప్పే వాటి మీద రెండు తెరచాప కొయ్యల ఓడ, తాళ్ళు, తెడ్డు, అంతే. దేవుడు లేడు, రాజు దాని మీద ఎక్కి కూర్చోలేదు. అప్పుడు ఇక్కడి రేవుల నుంచి సరుకు వెళ్తూ వస్తూ ఉండేది, ఓడ ఓడలాగే కనపడితే చాలు అనుకున్నట్టున్నారు.

నెప్ట్యూన్ పని మెల్లగా తగ్గింది. 1915 మే 7న జర్మన్ సబ్‌మెరైన్ లూసిటేనియా అనే బ్రిటిష్ ప్రయాణికుల ఓడని ముంచింది. మ్యూనిక్‌లో కార్ల్ గోట్స్ అనే పతకాల పనివాడు సొంతంగా ఒక మెడల్ చేశాడు, ఒక వైపు మునుగుతున్న ఓడ, రెండో వైపు టికెట్ కిటికీ దగ్గర జనం క్యూ, లోపల టికెట్లు అమ్ముతున్నది ఒక అస్థిపంజరం, పైన వ్యాపారమే అన్నిటికన్నా మిన్న అని. సముద్రానికి దేవుడు లేడు, మృత్యువు గుమాస్తా ఉద్యోగంలో చేరింది. గోట్స్ తారీకు తప్పు వేశాడు, 7 బదులు 5 మే. బ్రిటిష్ వాళ్ళు దాన్ని పట్టుకుని, చూశారా ముందే ప్లాన్ చేసుకున్నారు అని రెండు లక్షలకు పైగా నకళ్ళు కొట్టి పెట్టెలో పెట్టి అమ్మారు. గోట్స్ తర్వాత తారీకు దిద్దాడు కానీ అప్పటికే జరగాల్సింది జరిగిపోయింది.

తారీకు తప్పు అంటే మళ్ళీ సెంచూరియన్ గుర్తొస్తుంది. విశాఖ ఫైట్ జరిగింది 1804 సెప్టెంబరు 15న అని ఇప్పటి చరిత్రల్లో ఉంటుంది, క్లాస్ప్ మీద మాత్రం 18 అని ఉంది. ఇంతకీ సెంచూరియన్ అక్కడ ఉన్నది దేనికి, ఆ రెండు సరుకు ఓడల్ని కాపాడటానికి. బార్నబీ ఒడ్డుకి కొట్టుకుపోయి అలల్లో విరిగిపోయింది. ప్రిన్సెస్ షార్లెట్ జెండా దించేసింది, లినోయి దాన్ని సరుకుతో సహా తోలుకుపోయాడు. అంటే కాపాడాల్సినవి రెండూ పోయాయి, కాపలా ఓడ ఒక్కటే మిగిలింది. అదే ఏడు ఫిబ్రవరిలో పులో ఔర్ దగ్గర నథానియల్ డాన్స్ అనే కంపెనీ కెప్టెన్ సరుకు ఓడల్నే యుద్ధనౌకల్లా నటింపజేసి ఇదే లినోయిని తరిమేశాడు కాబట్టి, ఈసారి ఫ్రెంచాయనకి రెండు ఓడలు దొరకడం ఎంతోకొంత ఊరట.

43 ఏళ్ళు గడిచాక, అప్పటి కుర్రాళ్ళు అరవై దాటిన ముసలివాళ్ళు అయ్యాక, ఇంకా బతికున్న కొద్దిమందికి వెండి మెడల్ చేరింది. అంచు మీద వాళ్ళ పేరు గుద్ది ఉంటుంది, రిబ్బన్ మీద పట్టీలో ఓడ పేరు, తారీకు, బొరుసు వైపు చేపతోక గుర్రం మీద బ్రిటానియా. విశాఖపట్నం అన్న పేరు దాని మీద ఎక్కడా లేదు.